టైమింగ్ లైట్: పాత ఎంజీబీలో మిస్సింగ్ వెతకడానికి కొన్నేళ్లు వాడాక

టైమింగ్ లైట్‌ని షాపులో టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్క్ పడాల్సిన క్షణం, సెట్ చేసుకునే పరికరం అనే అమ్ముతారు. నాకు మాత్రం అది ఆ పనికి అక్కరకొచ్చింది తక్కువ, మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో సిలిండర్‌లో పెట్రోలు అంటుకోకపోవడం, పట్టుకోవడానికి పనికొచ్చింది ఎక్కువ. హైదరాబాద్‌లో 1971 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు నడుపుతున్నాను. ఇంజిన్ తడబడిందంటే ఇప్పుడు స్పానర్ కన్నా ముందు ఈ లైటే బయటికి వస్తుంది. పాత కార్లున్న మిత్రులు తరచూ అడుగుతుంటారు కాబట్టి, వాడకంలో తెలిసిన మంచీ చెడూ ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గరున్నది మామూలు ఇండక్టివ్ రకం. ప్లగ్ వైరు చుట్టూ క్లిప్పు పెడితే చాలు, ఆ వైరులో కరెంటు పారిన ప్రతిసారీ జినాన్ బల్బు ఒక్కసారి మెరుస్తుంది. ఏ వైరూ పీకక్కర్లేదు. అడ్వాన్స్ డయలు, డిజిటల్ అంకెలు ఉన్న ఖరీదైన మోడళ్లూ దొరుకుతాయి. మిస్సింగ్ వెతకడానికి వాటితో పని లేదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే స్పార్క్ వెళ్లే దారి తెలియాలి. ఎంజీబీలో 1798 సీసీ బి-సిరీస్ ఇంజిన్, స్పార్క్‌ని వంతులవారీగా ప్లగ్గులకి పంచే లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకి స్పార్క్ అందే వరుస) 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటుని కలిపి తెంచే పాయింట్లు తెరుచుకోగానే కాయిల్‌లో హై టెన్షన్, అంటే వేల వోల్టుల కరెంటు, పుడుతుంది. అది కాయిల్ వైరు గుండా డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి, అక్కడి నుంచి లోపల తిరిగే రోటర్ మీదుగా ఒక్కో ప్లగ్ వైరుకి పోతుంది. అందుకే నేను మొదటి క్లిప్పు ఎప్పుడూ ప్లగ్ వైరుకి పెట్టను, కాయిల్ వైరుకే పెడతాను. మెరుపు అక్కడే తప్పుతోందంటే తప్పు అంతకు ముందే ఉంది: పాయింట్లు, అవి కాలకుండా కాపాడే కండెన్సర్, కాయిల్, వాటికొచ్చే సన్న వైర్లు. కాయిల్ వైరు మీద బాగుండి నాలుగు ప్లగ్ వైర్ల మీదా ఎడాపెడా తప్పుతోందంటే క్యాపో రోటరో చూడాలి. ఒక్క వైరు మీదే తప్పుతోందంటే ఆ వైరు, క్యాప్‌లో దాని గుంట. ఇంజిన్‌లో ఒక్క బోల్టూ విప్పకుండానే వెతకాల్సిన చోటు ఇంతగా కుదించుకుపోతుంది.

దీనికి తోడు డాష్‌బోర్డులోని ఆర్‌పీఎం మీటర్ మీద కూడా ఒక కన్ను వేయాలి. ఆ కాలపు ఎంజీబీ మీటర్ కాయిల్‌కి వెళ్లే కరెంటు నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. ఇంజిన్ తడబడినప్పుడు ముల్లు కూడా ఎగిరిపడుతుంటే అనుమానం కాయిల్ ముందున్న సన్న వైర్ల మీదికి పోవాలి. ముల్లు నిలకడగా ఉండి ఇంజిన్ మాత్రమే కొట్టుకుంటుంటే హై టెన్షన్ వైపు చూడాలి.

ఈ పద్ధతి విలువ నాకు బాగా తెలిసింది ఒక ఎండాకాలంలో. బండి ఐడిల్‌లో బాగుండేది, గట్టిగా తొక్కితే బాగుండేది. నెక్లెస్ రోడ్డు మీద నెమ్మదిగా, సగం యాక్సిలరేటర్‌తో పోతున్నప్పుడు మాత్రం జర్క్ ఇచ్చేది. మెకానిక్ చూసి “కార్బురేటర్లు విప్పుదాం సార్, కచరా పడ్డట్టుంది” అన్నాడు. ఆ లక్షణాలకి అది సహజమైన అనుమానమే. కానీ ముల్లు ఎగురుతోంది. లైటు క్లిప్పు కాయిల్ వైరుకి పెట్టి, ఐడిల్‌లో ఉంచి, ఇంజిన్ పీల్పుని డిస్ట్రిబ్యూటర్‌కి చేర్చే వాక్యూమ్ పైపుని నోటితో పీల్చమని మెకానిక్‌కి చెప్పాను. పీల్చగానే మెరుపు ఆగిపోయింది, వదలగానే మళ్లీ మొదలైంది. వాక్యూమ్ పడినప్పుడు పాయింట్లున్న ప్లేటు కొద్దిగా తిరుగుతుంది. దాంతోపాటే లోపలి సన్న వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి అలా వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగిపోయాయి. సగం యాక్సిలరేటర్‌లోనే జర్క్ ఎందుకొచ్చేదో అప్పుడు తేలింది, వాక్యూమ్ ఎక్కువగా అందేది అప్పుడే. జానెడు వైరు మారిస్తే బండి బాగైంది. రెండు ఎస్‌యూ కార్బురేటర్లూ ఉన్నచోటే ఉన్నాయి.

రోటర్ సంగతి వేరు. కొత్తగా వేసిన రోటర్‌తో బండి ఎత్తు ఎక్కేటప్పుడు, ముఖ్యంగా బంజారాహిల్స్ ఎగుడు రోడ్ల మీద, నాలుగు సిలిండర్లూ కలిసి తడబడేవి. ముల్లు కదల్లేదు. కాయిల్ వైరు మీద మెరుపు ఆగలేదు, ప్లగ్ వైర్ల మీద మాత్రం ఎక్కడపడితే అక్కడ తప్పింది. అంటే కాయిల్ నుంచి వచ్చిన కరెంటు ప్లగ్గులకి చేరకుండా రోటర్ ప్లాస్టిక్‌ని చీల్చుకుని కింది షాఫ్ట్‌లోకి పోతోంది. ఇత్తడి పలకని రివెట్‌తో బిగించిన రోటర్లలో, రివెట్ అడుగున ప్లాస్టిక్ పలచగా ఉంటే ఇలా జరుగుతుంది. కొత్తదని వదిలేయకండి, పాత కార్ల సామానులో కొత్తది కూడా అనుమానితుడే. రివెట్ లేని మంచి రోటర్ వేశాక ఆ బాధ మళ్లీ రాలేదు.

బండి కదులుతున్నప్పుడే వచ్చే మిస్సింగ్‌ని గ్యారేజీలో పట్టుకోవడం కష్టం. ఇక్కడ ఎంజీబీకి ఇంకో చిక్కుంది. బ్యాటరీలు బానెట్ కింద ఉండవు, సీట్ల వెనక ఉంటాయి. లైటు వైర్లు అంతదూరం అందవు. నేను విడిగా ఒక 12 వోల్టుల బైక్ బ్యాటరీ పెట్టుకున్నాను. ఇండక్టివ్ లైటుకి కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చినా ఒకటే. దీనివల్ల ఇంకో మేలు జరిగింది: క్లిప్పు వైరుని బానెట్ వెనక అంచు నుంచి బయటికి తీసి, అద్దం పక్కనుంచి లోపలికి తెచ్చి, లైటు పక్క సీట్లో మా బావమరిది చేతికిస్తాను. తెల్లవారుజామున గండిపేట రోడ్డు మీద నేను నడుపుతుంటే తను మెరుపు చూసి “తప్పింది బావా” అంటాడు. నడిపేవాడు లైటు చూడకూడదు, ఇద్దరు ఉండి తీరాలి.

ఒక జాగ్రత్త. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో ప్లగ్ వైరులో సెకనుకి 25 స్పార్కులు వెళ్తాయి, కాయిల్ వైరులో 100. మామూలు లైటు ఒక్క ప్లగ్ వైరుని చదవడానికే తయారైంది, ఆ వంద అందుకోలేక అదే మెరుపు తప్పించవచ్చు. అందుకే కాయిల్ వైరు పరీక్ష 2000 దాటకుండా చేస్తాను. అంతకన్నా వేగంలో చూడాలంటే ప్లగ్ వైర్ల మీదే.

లైటు చెప్పలేనివీ ఉన్నాయి. ప్లగ్ మసిబారితే కరెంటు గ్యాప్ దూకకుండా మసి మీదుగా జారిపోతుంది. వైరులో కరెంటు పారింది కాబట్టి లైటు మెరుస్తూనే ఉంటుంది, సిలిండర్ మాత్రం పని చేయదు. అనుమానం వస్తే ఆ ప్లగ్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చి చూడటమే దారి. మిక్స్చర్ పలచబడినా, అంటే గాలిలో పెట్రోలు పాలు తగ్గినా, ఇదే కథ. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్ సెట్టింగ్ మీద మిక్స్చర్ ఇంకా పలచన అవుతుంది, ఆ తడబాటు అచ్చం ఇగ్నిషన్ మిస్సింగ్‌లాగే వినిపిస్తుంది. అన్ని వైర్ల మీదా మెరుపు సవ్యంగా ఉంటే పెట్రోలు పాలు పెంచే చోక్ కొంచెం లాగి చూడండి. అప్పుడు ఇంజిన్ కుదుటపడితే ఇగ్నిషన్ వదిలేసి కార్బురేటర్ వైపు వెళ్లండి.

అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సీసీ ఇంజిన్ కూడా ఈ బి-సిరీస్ కుటుంబానిదే. అందువల్ల మన ఊళ్లో పాత మెకానిక్‌లకి ఈ ఇంజిన్ కొత్త కాదు, పాయింట్ గ్యాప్ చెవితో విని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూశాకే లైటు తీస్తాను. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయమని చాలామంది చెబుతారు. రోడ్డు పక్కన కంటితో చూసి బాగుచేసుకోగలిగినవి పాయింట్లే కాబట్టి నేను వాటినే ఉంచుకున్నాను.

కొనేవాళ్లు బల్బు కన్నా క్లిప్పుని చూసి కొనండి. లోపల ఫెర్రైట్ ముక్కలు రెండూ సరిగ్గా ఆనుకోవాలి. కింద పడి పగిలినా, మధ్యలో గ్రీజు పేరుకున్నా లైటు ఇష్టమొచ్చినట్టు మెరుస్తుంది, లేని మిస్సింగ్ ఉన్నట్టు చూపిస్తుంది. నేను వాడే ముందు గుడ్డతో తుడిచి, బాగుందని తెలిసిన వైరు మీద ఒకసారి పెట్టి చూస్తాను. పక్క వైరుకి తగలకుండా దూరంగా పెట్టాలి, క్లిప్పు మీది బాణం గుర్తు ప్లగ్ వైపు ఉండాలి. మన మిట్టమధ్యాహ్నపు ఎండలో మెరుపు కనపడదు, నీడలోనో సాయంత్రమో చూడాలి. ఇంకొకటి మరీ ముఖ్యం: ఈ వెలుగులో తిరుగుతున్న రేడియేటర్ ఫ్యాన్ ఆగిపోయినట్టు కనిపించవచ్చు. చొక్కా చేతులు మడిచి, మెడలో గొలుసు, చేతికి వాచీ తీసేశాకే బానెట్ కిందికి వంగండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.