పాత బడ్జెట్ గేమింగ్ కంప్యూటర్‌లో ఆర్‌ఎక్స్ 6600: ముందుగా మార్చవలసినది ఏది?

రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 2021 అక్టోబరులో విడుదలైంది. దాని తరువాత కొత్త తరాల కార్డులు వచ్చినప్పటికీ, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద ఆడుకుంటూ పాత యంత్రాన్నే మరికొన్నేళ్లు నడుపుకోవాలనుకునేవారికి ఇది ఇప్పటికీ సరిపోయే కార్డేనని నా అభిప్రాయం. అయితే చుట్టూ ఉన్న భాగాలు సహకరించకపోతే ఇది కూడా నిరాశపరుస్తుంది కాబట్టి, భీమవరంలో మా తమ్ముడి కంప్యూటర్‌లో దీన్ని అమర్చిన అనుభవంతో, వేటిని మార్చామో, వేటిని మార్చకుండా ఉంచామో కారణాలతో సహా రాస్తున్నాను.

ఆ యంత్రంలో రైజెన్ 5 2600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, ఒకే ఒక 8 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్, కేబినెట్‌తో పాటే వచ్చిన పవర్ సప్లై ఉండేవి. డబ్బు ఖర్చు పెట్టకముందే చేయదగిన పరీక్ష ఒకటుంది. ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వినియోగం ఎంత శాతముందో గమనించి, తరువాత రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి చూడాలి. ఫ్రేములు (సెకనుకు తెర మీద కనిపించే చిత్రాల సంఖ్య) బాగా పెరిగితే భారమంతా కార్డు మీద ఉన్నట్టు. దాదాపు అలాగే నిలిచిపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఉన్నట్టు. మా తమ్ముడు ఆడే పెద్ద ఆటలలో పాత కార్డు వినియోగం ఎప్పుడూ 100 శాతానికి దగ్గరగానే ఉండేది కాబట్టి కార్డు మార్చడమే సబబని తేలింది.

అయినా మేము మొదట కొన్నది కార్డు కాదు, పవర్ సప్లై. మన గోదావరి జిల్లాలలో ఈ విషయాన్ని ఎంత నొక్కి చెప్పినా ఎక్కువ కాదు. 1050 టీఐ గరిష్ఠంగా 75 వాట్లు మాత్రమే తీసుకుంటుంది. చాలా మోడళ్లకు వేరే తీగ కూడా అవసరం లేదు. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, సాధారణంగా ఒక 8 పిన్నుల కనెక్టరు కావాలి. ఇన్నాళ్లూ తేలికైన భారం మీద నెట్టుకొచ్చిన నాసిరకం పవర్ సప్లై అసలు బలహీనత కొత్త కార్డు పెట్టాకే బయటపడుతుంది. ఈ కార్డుకు కనీసం 450 వాట్ల పవర్ సప్లై ఉండాలని దీన్ని రూపొందించిన ఏఎండీ సూచిస్తుంది. పెట్టె మీద రాసిన మొత్తం వాట్లకన్నా 12 వోల్టుల లైను ఎన్ని వాట్లు ఇవ్వగలదో లేబుల్ మీద చూడడం ముఖ్యం. కనెక్టరు లేదని మోలెక్స్ (పాత హార్డ్‌డిస్క్‌లకు వాడే 4 పిన్నుల తీగ) అడాప్టర్‌తో సర్దుకోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ మంచిది కాదు.

దీనితో పాటు ఇంటి ఎర్తింగ్ కూడా చూసుకోవాలి. కేబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయంటే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసిందే. వేసవి కోతలకు, తుపాను గాలులకు కరెంటు పోయే చోట యూపీఎస్ లేకుండా ఈ కార్డును నడపమని నేను చెప్పలేను. మార్కెట్లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్ల భారాన్ని మోస్తాయి. ఈ యంత్రానికి, మానిటర్‌కు కలిపి అది సరిపోతుంది.

రెండవ ఖర్చు, ఉన్న ర్యామ్‌కు జోడుగా అదే వేగం గల మరో 8 జీబీ. ఒకే ర్యామ్ ఉన్నప్పుడు ప్రాసెసర్‌కు ఒక దారే అందుబాటులో ఉంటుంది. రెండు పెడితే రెండు దారులూ తెరుచుకుంటాయి. సగటు ఫ్రేములలో కనిపించే తేడా కన్నా మధ్యమధ్య తగిలే కుదుపులు తగ్గడమే ఇందులో అసలు లాభం. నాలుగు ర్యామ్ స్లాట్ల మదర్‌బోర్డులలో సాధారణంగా రెండవ, నాలుగవ స్లాట్లు వాడాలి. బయోస్‌లో (కంప్యూటర్ మొదలవగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది.

ఇక కార్డు విషయం. 8 జీబీ జీడీడీఆర్6 మెమరీ ఉండడం వల్ల 4 జీబీ కార్డులలో తగ్గించక తప్పని టెక్స్చర్లను (వస్తువుల ఉపరితల చిత్రాలను) ఇందులో చాలా ఆటలలో హై మీద ఉంచవచ్చు. ఇది పీసీఐఈ (కార్డును మదర్‌బోర్డుతో కలిపే మార్గం) 8 లేన్లనే వాడుతుంది. మా పాత బోర్డు పీసీఐఈ మూడవ తరానిదే అయినా ఆడేటప్పుడు లోటు తెలియలేదు. 4 లేన్లు, 4 జీబీ మాత్రమే ఉన్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ విషయంలో అలా చెప్పలేము. ధర తక్కువని పాత బోర్డుకు దాన్ని కొనవద్దు. రే ట్రేసింగ్‌లో (వెలుగునీడలను నిజంలా లెక్కించి చూపే పద్ధతిలో) ఆర్‌ఎక్స్ 6600 బలహీనమే. డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్ చిత్రాన్ని పెద్దది చేసి ఫ్రేములు పెంచే ఎన్విడియా సాంకేతికత) కోరుకునేవారు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ వైపే చూడాలి.

ప్రాసెసర్‌ను మేము మార్చలేదు. వాలొరాంట్ వంటి పోటీ ఆటలలో 2600 ఈ కార్డును పూర్తిగా వాడుకోలేదన్నది నిజమే కానీ, తెర 60 హెర్ట్జ్‌ది (సెకనుకు 60 చిత్రాలు మాత్రమే చూపేది) అయినప్పుడు అదనపు ఫ్రేములతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్ననాడు అదే బోర్డులో రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. ముందుగా పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను అప్‌డేట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు కాబట్టి ఆ పని యూపీఎస్ మీదనే చేయాలి. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే ఆటలు త్వరగా తెరుచుకుంటాయి, ఫ్రేములు మాత్రం పెద్దగా పెరగవు.

కోనసీమలో కొబ్బరి పీచు మిల్లుల పక్కన, మండపేట వైపు రైస్ మిల్లుల దగ్గర ఉండేవారు కేబినెట్‌కు దుమ్ము ఆపే జాలీ తప్పక పెట్టించుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో ఈ కార్డు కొనేవారు బిల్లు, వారంటీ గడువు చూసుకుని, కనీసం అరగంట పాటు ఆట నడిపించి, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో, వేడి ఒక స్థాయి దగ్గర నిలుస్తోందో లేదో స్వయంగా చూసిన తరువాతే డబ్బు ఇవ్వాలి.