జర్మన్ మార్క్ నాణేల సెట్: సరదాకి కొనండి, ఇన్వెస్ట్‌మెంట్ అంటే మాత్రం నమ్మకండి

పాత నాణేలు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపులో (పేరెందుకులెండి) జర్మన్ మార్క్ (యూరోకి ముందు జర్మనీలో వాడిన డబ్బు) సెట్ తెప్పించా. 1 ఫెనిగ్ (మార్కులో నూరో వంతు) నుంచి 5 మార్కుల దాకా ఎనిమిది నాణేలు, ప్లాస్టిక్ కేసు, 30 యూరోలు, షిప్పింగ్ వేరే. "అరుదైన కలెక్షన్, రేపు దొరకదు" అని పేజీ నిండా ఊదరగొట్టారు. అన్నీ కలిపి లెక్కేస్తే 8 మార్కుల 68 ఫెనిగ్‌లు, యూరోకి 1.95583 మార్కుల చొప్పున 4 యూరోల 44 సెంట్లు, మిగతాదంతా డబ్బాకీ కబుర్లకీ ఇచ్చినట్టే. పైగా ఇవేం పనికిరాని డబ్బులు కావు, జర్మనీ సెంట్రల్ బ్యాంక్ బుండెస్‌బ్యాంక్ ఇప్పటికీ మార్కులు తీసుకుని యూరోలిస్తుంది, గడువు లేదు, ఫీజు లేదు. ఫ్రాన్స్ వాళ్ళు ఫ్రాంక్ నోట్లకి 2012లోనే తలుపులేసేశారు. 2016లో మన పాత 500, 1000 నోట్ల కోసం క్యూలో నిలబడ్డ వాళ్ళకి ఇది వింటే కడుపు మండుద్ది.

నాణేలు మాత్రం బావున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. నాకు బాగా నచ్చింది 50 ఫెనిగ్. మోకాళ్ళ మీద కూర్చుని ఓక్ మొక్క నాటుతున్న ఒకావిడ బొమ్మ, తలకి గుడ్డ కట్టుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా. యుద్ధం తర్వాత బోడి అయిపోయిన అడవుల్లో మొక్కలు నాటిన ఆడవాళ్ళకి గుర్తుగా వేశారు, శిల్పి రిచర్డ్ మార్టిన్ వెర్నర్ తన భార్యనే మోడల్‌గా కూర్చోబెట్టాడట. రాజులూ నాయకులూ కాకుండా మట్టి పని చేసే మనిషిని నాణెం మీదకెక్కించడం నాకు భలే నచ్చేసింది. నాకొచ్చిన దాని మీద చిన్న ఎఫ్ అక్షరం ఉంది, అంటే స్టుట్‌గార్ట్ టంకశాలలో కొట్టిందన్నమాట, డి అయితే మ్యూనిక్, జె అయితే హాంబర్గ్.

లోపల పెట్టిన చరిత్ర కాగితం మాత్రం దండగ. "1948లో మొదలు, 2002లో యూరో" అంతే, అయిపోయింది. అసలు కథంతా ఆ 1948లోనే కదా ఉంది! అమెరికాలో రహస్యంగా అచ్చేసిన నోట్లు ఓడల్లో తెచ్చి, జూన్ 20న ఒక్కో మనిషికి ముందు 40 మార్కులు చేతిలో పెట్టారు. అప్పటిదాకా బ్లాక్ మార్కెట్‌లో సిగరెట్లే డబ్బులు, కొట్లన్నీ ఖాళీ, మర్నాటికల్లా దాచిపెట్టిన సరుకంతా షాపుల అద్దాల్లోకి వచ్చేసింది. జీతాలు పాత మార్కు ఒకటికి కొత్తది ఒకటే గానీ బ్యాంకులో దాచుకున్న 100 పాత రైష్‌మార్కులకి చివరికి దక్కింది 6.50 మార్కులే, పొదుపు చేసుకున్నోళ్ళ నోట్లో మట్టి. ఇంకో నాలుగు రోజులకే, ఈ కొత్త డబ్బు గొడవతోనే, రష్యా వాళ్ళు పశ్చిమ బెర్లిన్‌కి దారులు మూసేశారు. ఇంత మేటర్ పెట్టుకుని రెండు లైన్లా?

రేటింగ్ 5కి 3. ఆర్డర్ పెట్టేముందు 5 మార్కుల నాణెం ఏ ఏడాదిదో మెయిల్ పెట్టి అడగండి. 1974 దాకా వచ్చినవాటిలో 7 గ్రాముల వెండి ఉంటుంది, 1975 నుంచి వచ్చినవి రాగి నికెల్ సరుకు. నాకు పంపింది 1978ది.