వలస రాజ్యాల్లో నేరస్తుల అప్పగింత: 1815 ఒప్పందమా, 1876దా, 1931దా? ఏది మేలు?

యానాంలో దొంగతనం చేసి కాకినాడ పారిపోయినవాణ్ణి ఎవరు పట్టుకోవాలి? కాకినాడలో అప్పు ఎగ్గొట్టి యానాంలో దూరినవాణ్ణి ఎవరు బయటికి లాగాలి? 1947 దాకా ఇది రెండు సామ్రాజ్యాల మధ్య వ్యవహారం. ఇటు ఇంగ్లీషువాళ్ళ జిల్లా, అటు ఫ్రెంచివాళ్ళ ఊరు. లండన్, ప్యారిస్ తమ దేశాల కోసం రాసుకున్న అప్పగింత ఒప్పందం ఇక్కడ కూడా పనిచేయాలా, లేక ఇక్కడికి వేరే కాగితం ఉండాలా అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో కనీసం మూడు రకాల జవాబులు ఉండేవి. మూడూ అమలైనవే కాబట్టి పోల్చి చూడొచ్చు.

మొదటిది పూర్తిగా స్థానిక ఏర్పాటు. నెపోలియన్ యుద్ధాల తర్వాత ఫ్రెంచివాళ్ళకు వాళ్ళ స్థావరాలు తిరిగి ఇస్తూ బ్రిటన్ 1815 మార్చి 7న ఒక ఒప్పందం చేసుకుంది. అసలు విషయం ఉప్పు, నల్లమందు. ఫ్రెంచి స్థావరాల ఉప్పు కొనే హక్కు ఇంగ్లీషువాళ్ళకు, ప్రతిగా ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచివాళ్ళకు. ఈ వ్యాపారపు కాగితంలో తొమ్మిదో నిబంధనగా నేరస్తుల అప్పగింత వచ్చి కూర్చుంది. ఫ్రెంచి హద్దుల్లో నేరం చేసిగానీ, అప్పు చేసిగానీ, కోర్టు చర్య మొదలయ్యాక బయటికి పారిపోయినవాళ్ళను ఫ్రెంచి అధికారులకు అప్పగించాలి. బయట కేసు నడుస్తుండగా ఫ్రెంచి హద్దుల్లోకి వచ్చినవాళ్ళను ఇంగ్లీషువాళ్ళు అడిగితే ఇచ్చేయాలి. యూరోపియన్లయినా ఇంకెవరైనా సరే. ఏయే నేరాలకు వర్తిస్తుందో జాబితా లేదు. సాక్ష్యం చూపించాలన్న షరతు లేదు. రాజకీయ నేరాలకు మినహాయింపు లేదు. అప్పు తీర్చలేనివాణ్ణి కూడా హంతకుడితో కలిపి ఒకే వాక్యంలో కట్టేశారు.

రెండోది 1876 ఆగస్టు 14 నాటి బ్రిటన్-ఫ్రాన్స్ ఒప్పందం. దీని వెనక బ్రిటన్ 1870లో చేసిన ఎక్స్‌ట్రడిషన్ చట్టం ఉంది. రాజకీయ నేరానికి అప్పగింత కుదరదు. విచారణకు పంపదగినంత సాక్ష్యం ఉందని మేజిస్ట్రేట్ ముందు తేలాలి. మేజిస్ట్రేట్ ఒప్పుకున్నాక కూడా 15 రోజులు ఆగాలి, ఆ లోపు నిందితుడు తన నిర్బంధం చట్టబద్ధమేనా అని పైకోర్టును అడిగే హెబియస్ కార్పస్‌కు వెళ్ళొచ్చు. ఏ నేరానికి అడిగారో ఆ నేరానికే విచారించాలి. ఈ ఒప్పందం వలసలకూ విస్తరించింది. వలసలో ఉన్నవాణ్ణి అడగాలంటే అక్కడి గవర్నర్‌ని అడగొచ్చు. పారిపోయినవాడు మరో వలస నుంచి వచ్చినవాడైతే ఆ వలస గవర్నరే నేరుగా ఈ గవర్నర్‌కు రాయొచ్చు. గవర్నర్ సరేననొచ్చు, లేదా తన ప్రభుత్వానికి నివేదించొచ్చు.

స్థానిక ఏర్పాటును మెచ్చుకునేవాళ్ళు వేగం గురించి చెబుతారు. రెండు ఊళ్ళ మధ్య వ్యవహారానికి లండన్ నుంచి ప్యారిస్‌కు ఉత్తరాలెందుకు అంటారు. కానీ గవర్నర్ నుంచి గవర్నర్‌కు రాసుకునే దారి 1876 ఒప్పందంలోనూ ఉందిగా! కాబట్టి అసలు తేడా వేగంలో లేదు, షరతుల్లో ఉంది. అయినా 1876 ఒప్పందంలోనే, భారత్‌లోని రెండు దేశాల స్థావరాల మధ్య 1815 నాటి తొమ్మిదో నిబంధన యథాతథంగా సాగుతుందని రాసుకున్నారు. షరతులన్నీ మిగతా లోకానికి, మనకు మాత్రం ఉప్పు కాగితమే.

దానికి ఒక న్యాయమైన కారణం కూడా కనిపిస్తుంది. 1876 ఒప్పందం ప్రకారం సొంత దేశస్తులను అప్పగించనక్కర్లేదు. యానాంలో పుట్టిన ఫ్రెంచి పౌరుడు రాజమండ్రిలో దోచుకుని ఇంటికి వెళ్ళిపోతే ఆ కాగితం పనికి రాదు. 1815 నిబంధనలో ఈ అడ్డు లేదు. గోదావరి జిల్లా మధ్యలో ఇరుక్కున్న చిన్న ఊరికి ఇది చిన్న విషయం కాదు. హద్దు దాటితే చట్టం మారుతుందంటే జనం ఎంత చురుగ్గా వాడుకుంటారో మనవాళ్ళకు బాగా తెలుసు. 1930లో బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం అమల్లోకి రాగానే పిల్లల పెళ్ళిళ్ళు యానాంలో చేసుకొచ్చారు, ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే పడింది. దొంగలు మాత్రం అంతకంటే అమాయకులా? అందుకని పక్కపక్క ఊళ్ళ దొంగతనాలు, దోపిడీల వరకు నా ఓటు 1815కే, అప్పుల మాట తీసేస్తే.

రాజకీయం వచ్చేసరికి కథ వేరు. రాజద్రోహం వారెంట్ భయంతో సుబ్రహ్మణ్య భారతి 1908లో పుదుచ్చేరి చేరారు. అరవిందులు 1910 ఏప్రిల్ 4న అక్కడ దిగారు. తర్వాత విప్లవకారుడు వి.వి.ఎస్. అయ్యర్ వచ్చారు. అక్షరం ప్రకారం చూస్తే 1815 నిబంధనకు వీళ్ళెవరూ అతీతులు కారు. అయినా ఫ్రెంచివాళ్ళు అప్పగించలేదు. భారతి 1918 నవంబరులో తనంతట తాను హద్దు దాటి కడలూరు దగ్గర అరెస్టయ్యారు. అరవిందులు 1950లో చనిపోయేదాకా పుదుచ్చేరిలోనే ఉన్నారు. ఇది చూసి 1815 ఏర్పాటు ఉదారమైనదని అనుకుంటే పొరపాటే. వాళ్ళను కాపాడింది నిబంధన కాదు, ఆ రోజు కుర్చీలో ఉన్నవాళ్ళ మనసు. అదే మనసు మారితే నిందితుడు చూపించుకోవడానికి ఒక్క వాక్యం కూడా లేదు. 1876లో ఆ వాక్యం రాసి ఉంది. ప్రాణం మీదికి వచ్చినవాడికి అదే పెద్ద తేడా.

కాగితమే పక్కనపెట్టేసే దారి కూడా ఒకటి ఉంది, దాన్ని పోటీలో చేర్చను. 1910 జులై 8న ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో, తనను ఖైదీగా భారత్‌కు తీసుకెళ్తున్న ఓడ నుంచి దూకి ఒడ్డెక్కిన సావర్కర్‌ను ఫ్రెంచి జెండార్మ్ (పోలీసు) పట్టుకుని ఇంగ్లీషు పోలీసులకు ఇచ్చేశాడు. గొడవ హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కోర్టు దాకా వెళ్ళింది. 1911 ఫిబ్రవరి 24న మధ్యవర్తులు ఇచ్చిన తీర్పు ఏమిటంటే, జరిగింది సక్రమం కాదుగానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత బ్రిటన్‌కు లేదని. 1930 సెప్టెంబరులో కలకత్తా పోలీస్ కమిషనర్ టెగార్ట్ ఫ్రెంచి చందర్‌నగర్‌లోకి రాత్రిపూట మనుషులను తీసుకెళ్ళి చిట్టగాంగ్ విప్లవకారుల ఇంటిమీద పడ్డాడు. వాళ్ళలో ఒకడైన జీవన్ ఘోషాల్ అక్కడే చనిపోయాడు. కోర్టు, మేజిస్ట్రేట్, 15 రోజుల గడువు, ఏదీ లేదు.

ఇక మూడోది బ్రిటన్-అమెరికా ఒప్పందం. ఇది యానాం కోసం రాసింది కాదుగానీ, వలసలను ఒప్పందంలో ఎలా కలపాలన్న ప్రశ్నకు మరో జవాబు. 1931 డిసెంబరు 22న సంతకాలయ్యాయి, 1935లో అమల్లోకి వచ్చింది. వలసలను గంపగుత్తగా కలిపేయకుండా ఇది మెట్లు కట్టింది. బ్రిటిష్ వలసలు నేరుగా వస్తాయి. రక్షిత రాజ్యాలు, నానాజాతి సమితి తరఫున బ్రిటన్ పాలించిన పాలస్తీనా వంటి మాండేట్ ప్రాంతాలు పేరుపేరునా వస్తాయి. కెనడా, ఆస్ట్రేలియా వంటి స్వపరిపాలన ఉన్న డొమినియన్లు, భారత్ విడిగా నోట్ పంపి చేరాలి. భారత్‌కు 1942 మార్చి 9 నుంచి వర్తించింది, అంటే క్విట్ ఇండియాకు అయిదు నెలల ముందు. చేరాలా వద్దా అని మనల్ని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి. రాజకీయ నేరాల మినహాయింపు ఇందులోనూ ఉంది.

దీని గొప్పతనం స్వాతంత్ర్యం తర్వాత తెలిసింది. సామ్రాజ్యం లోపలి అప్పగింతలకు వాడిన 1881 నాటి చట్టం మన దగ్గర నిలవలేదు. సింగపూర్ అడిగిన ఒక జంటను మద్రాసు నుంచి పంపే కేసులో, రిపబ్లిక్ అయ్యాక ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 1954లో తేల్చింది. 1815 నిబంధనకు ఆ ఏడాదే పని లేకుండా పోయింది. జూన్‌లో యానాం, నవంబరు 1న పుదుచ్చేరి భారత్ చేతికి వచ్చాయి, హద్దే లేనప్పుడు అప్పగింత ఎక్కడిది? 1931 ఒప్పందం మాత్రం బతికింది. 1980ల చివర్లో పంజాబ్ కేసుల్లో అమెరికాలో పట్టుబడిన నిందితులు 'ఈ పాత కాగితం భారత్‌కెలా వర్తిస్తుంది' అని వాదించినా అమెరికా కోర్టు వర్తిస్తుందనే చెప్పింది. 1997లో మనం అమెరికాతో సొంత ఒప్పందం చేసుకున్నాం, అది 1999లో అమలైంది. ఫ్రాన్స్‌తో 2003లో కుదిరింది. పాకిస్తాన్, సింగపూర్‌లతో అమెరికా ఇప్పటికీ 1931 కాగితం మీదే నడుపుతోంది.

కాబట్టి నన్ను ఎంచుకోమంటే 1931 పద్ధతి తీసుకుంటాను. ఏ ప్రాంతం ఎప్పుడు చేరిందో తేదీతో సహా రాసి ఉంటుంది, ఆ ప్రాంతం రేపు స్వతంత్రమైతే కోర్టులు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. 1876ది దానికి దగ్గరగా రెండో స్థానం. యానాం లాంటి ఊళ్ళకు మాత్రం సొంత పౌరులనూ అప్పగించే ఒక నిబంధన అదనంగా తగిలించాలి, అదీ మేజిస్ట్రేట్ చూశాకే.