అరవై రూపాయల బీసెంట్ రోడ్డు దువ్వెన: అయిదు నెలలు వాడాక నా మాట

దువ్వెనకి కూడా రివ్యూ ఏమిటే అని మావారు నవ్వారు. నవ్వనీండి. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఈ దువ్వెన కోసం వెతికినంతగా టీవీ రిమోట్ కోసం కూడా ఎవరూ వెతకలేదు.

ముందు ఎవరి తలకో చెప్పాలి. మా అమ్మాయి ఉద్యోగానికని ఘానా వెళ్ళి అక్కడి అబ్బాయినే చేసుకుంది. వాళ్ళ పాపకి ఇప్పుడు 4 ఏళ్ళు. అల్లుడి వాళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు వస్తుంది, శనివారం పుట్టిన ఆడపిల్ల 'ఆమా'. నాకు ఆ పేరు నేర్చుకునే పనే పడలేదు. ఎలాగూ 'అమ్మా' అనే పిలుస్తాను, పలుకుతుంది. అమ్మాయి కొత్త ఉద్యోగంలో కుదురుకునేదాకా పిల్ల విజయవాడ సత్యనారాయణపురంలో మా దగ్గరే ఉంటోంది.

జుట్టు మాత్రం అచ్చం తండ్రిది. ఉంగరాల జుట్టు అనగానే మనకి తెలిసిన నొక్కుల జుట్టు అనుకోకండి. బాల్‌పెన్ను విప్పితే లోపల స్ప్రింగు ఉంటుందే, అంత సన్న చుట్టలు, తలంతా. ఒక పాయ పట్టుకుని లాగితే 8 అంగుళాలు సాగి భుజం మీదికి వస్తుంది. వదిలేస్తే రెండంగుళాలై చెవి మీదికి ఎగిరి కూర్చుంటుంది. "పాపం, జుట్టు ఎదగట్లేదండీ" అని ఎదురింటావిడ జాలిపడితే మాట్లాడకుండా ఒక పాయ లాగి చూపించాను. అప్పట్నుంచి వాళ్ళ మనవడు కూడా వచ్చి లాగిపోతున్నాడు, అది వేరే బాధ.

నా చేతులకి తెలిసిన జుట్టు పని ఒక్కటే. కుంకుడుకాయతో తలంటి, ఆరాక చిక్కు తీసి, కొబ్బరినూనె రాసి, కణతలు లాగేసేలా బిగించి రెండు జడలు. మా అమ్మ నాకలాగే వేసింది, నేను మా అమ్మాయికలాగే వేశాను. మొదటి ఆదివారం ఈ పిల్లకీ అదే మొదలుపెట్టాను. కుంకుడు నురగ మురికితో పాటు తలలో ఉన్న ఆ కాస్త జిడ్డునీ ఊడ్చేసింది, ఆరేసరికి కొబ్బరిపీచు పట్టుకున్నట్టుంది. దాని మీద నా పాత సన్నపళ్ళ దువ్వెన పెట్టి పైనుంచి కిందికి లాగాను. రెండు పళ్ళు విరిగి తలలోనే ఉండిపోయాయి. పిల్ల ఏడ్చిన ఏడుపుకి పై వాటాలో వాళ్ళు దిగివచ్చారు. మర్నాడు దువ్వెన నా చేతిలో కనిపిస్తే చాలు, బీరువా వెనక్కి దూరిపోయింది.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, 32 ఏళ్ళు హైస్కూల్లో బయాలజీ చెప్పినదాన్ని. వెంట్రుక మొదలుండే గుంట చర్మం లోపల తిన్నగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది, వంగి ఉంటే మెలి తిరిగి వస్తుంది. మెలి తిరిగిన వెంట్రుకని అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉండదు, నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. మాడులో ఊరే నూనె మన జుట్టుకైతే జారుడుబల్ల మీద జారినట్టు కొస దాకా వెళ్తుంది. ఈ చుట్టల్లో అది ఎక్కడికక్కడ ఆగిపోతుంది. అందుకే కొసలు ఎప్పుడూ పొడిగా ఉంటాయి, ప్రతి మలుపు దగ్గరా తెగడానికి సిద్ధంగా ఉంటాయి. ఇంత తెలిసీ కుంకుడుకాయలు కొట్టుకున్నాను చూడండి.

మధ్యలో ఒక పొరపాటు. బెంజి సర్కిల్ వైపు పిల్లలకి ప్రత్యేకమని బోర్డు పెట్టుకున్న ఒక పార్లర్‌కి తీసుకెళ్ళాను. కారు బొమ్మ కుర్చీ, కార్టూన్లు, అన్నీ బాగున్నాయి. అక్కడి అమ్మాయి పొడి జుట్టు మీదే బ్రష్ పెట్టి నాలుగు లాగులు లాగి, "స్మూత్‌నింగ్ చేయించండి ఆంటీ, పాపం మీరెక్కడ పడతారు" అంది. నాలుగేళ్ళ పిల్లకి! జుట్టు తిన్నబడేలా పట్టించే ఆ మందుల్లో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. మా ల్యాబులో కప్పల్ని నిలవపెట్టిన సీసాల వాసన అది. బిల్లు కట్టి లేచి వచ్చేశాను.

ఇక బంధువుల వైద్యం. "ఇంకోసారి గుండు చేయించవే, తిన్నగా వస్తుంది" అని మా ఆడపడుచు. 11వ నెలలో వచ్చినప్పుడు ఇంద్రకీలాద్రి మీద పుట్టువెంట్రుకలు తీయించాంగా వదినా, అమ్మవారు ఇచ్చిన జుట్టే మళ్ళీ ఇచ్చింది అన్నాను. మంగలి కత్తి చర్మం పైదాకానే వెళ్తుంది, ఆ గుంట వంపు లోపలెక్కడో ఉంది. మొక్కు ఉంటే చేయించుకోవచ్చు, జుట్టు మారుతుందని మాత్రం వద్దు.

చివరికి దారి చూపించింది మా వియ్యపురాలు. వీడియో కాల్లో, మా అమ్మాయి మధ్యలో ఉండి చెబుతుంటే. ఆవిడ మొదటి మాటే, "నీళ్ళు లేకుండా ఆ తల ముట్టుకోకండి." రెండో మాట, "మీవల్ల కాకపోతే పొట్టిగా కత్తిరించేయండి, మా దగ్గర బళ్ళో ఆడపిల్లలు చాలామంది అలాగే ఉంటారు." ఆ రెండో మాటకి నాకు రోషం వచ్చింది. మర్నాడు సాయంత్రం బీసెంట్ రోడ్డుకి పోయాను.

రబ్బరు బ్యాండ్లు, పిన్నీసులు, సవరాలు అమ్మే తోపుడుబండి. వెడల్పు పళ్ళ దువ్వెన అడిగితే బండతను నాలుగు రంగుల్లో తీశాడు. 80 చెప్పి 60కి ఇచ్చాడు. జానెడు పొడుగు, పళ్ళ మధ్య నా చిటికెనవేలు దూరేంత సందు, పళ్ళ చివర్లు గుండ్రం. ఈ దువ్వెన గొప్పదనమంతా అది దువ్వలేకపోవడమే. చుట్టని చుట్టలాగే వదిలేసి చిక్కుని మాత్రం విడదీస్తుంది. నున్నగా దువ్వి పాపిడి తీద్దామని కొనేవాళ్ళు కొనకండి, తిట్టుకుంటారు.

లోపం కూడా చెప్పాలి. ప్లాస్టిక్ అచ్చు రెండు ముక్కలూ కలిసే చోట ప్రతి పంటికీ నిలువునా సన్న గీతలా అతుకు మిగిలింది. కంటికి ఆనదు. మొదటి వారం ఎంత మెల్లగా లాగినా దువ్వెనకి తెగిన ముక్కలు అంటుకుని వస్తుంటే అనుమానం వచ్చి నా పాత పట్టుచీర కొంగు మీద రాసి చూశాను. పోగు పట్టుకుంది. పోగు పట్టేది వెంట్రుకని పట్టదా? మావారి దగ్గర గరుకు కాగితం తీసుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని 14 పళ్ళూ రెండు వైపులా అరగదీశాను. మళ్ళీ కొంగు మీద రాస్తే జారిపోయింది. ఆ పని చేశాకే ఇది మంచి దువ్వెన అయింది. అందుకని ఒక మార్కు కోత.

ఇప్పుడు మా పద్ధతి ఇది. వారానికి ఒక్క తలంటు, ఆదివారం. మా బోరు నీళ్ళు బకెట్ల మీద తెల్లచారలు పెట్టే రకం, అవి తలకి వద్దని ముందురోజే కృష్ణ నీళ్ళు రెండు బిందెలు పట్టి ఉంచుతాను. మైల్డ్ షాంపూ మాడుకి మాత్రమే. తర్వాత తలని నాలుగు వాటాలు చేసి మూడింటిని బట్టల క్లిప్పులతో పట్టేస్తాను. క్లిప్పులు పెట్టుకుని అద్దంలో చూసుకోవడమంటే పిల్లకి మహా సరదా. విడిగా ఉన్న వాటాకి కండిషనర్ కారేంత పట్టించి, పాయ మొదలు దగ్గర గట్టిగా గుప్పెటతో పట్టుకుని, కొస దగ్గర అంగుళం మేర చిక్కు తీస్తాను. అది పోయాక ఇంకో అంగుళం పైకి. లాగుడంతా నా గుప్పెట్లోనే ఆగిపోతుంది, మాడుకి తెలియదు. వేళ్ళతో పోయే చిక్కుకి దువ్వెన అక్కర్లేదు కూడా. మొదటిసారి గంటా నలభై నిమిషాలు పట్టింది, ఇప్పుడు నలభై నిమిషాలు, రెండు జంతికలు, ఒక కోతి-మొసలి కథ. కథ త్వరగా అయిపోతే "మొసలి పెళ్ళాం ఏమంది అమ్మమ్మా?" అని తల తిప్పేస్తుంది, పట్టుకున్న పాయ జారిపోతుంది, మళ్ళీ మొదటికి.

కండిషనర్ ఖర్చు చూసి సొంత తెలివి ఉపయోగించాను. మెంతులు నానబెట్టి రుబ్బి పట్టించాను. జిగురు బ్రహ్మాండం, చిక్కు వెన్నలా విడిపోయింది. కానీ మెంతి పలుకులు ఒక్కో చుట్టలో ఒక్కోటి ఇరుక్కున్నాయి. కడిగితే పోవు, ఆరాక గింజల్లా మెరుస్తున్నాయి. ఆ రాత్రి పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని సెల్‌ఫోన్ లైట్లో ఏరాను. పక్కింటావిడ చూసి పేలు చూస్తున్నాననుకుంది. ఆ తర్వాత మందారాకులకి మారాను. పెరట్లో కోసిన ఇరవై ఆకులు నీళ్ళలో పిసికి, పాత ధోవతి గుడ్డలో రెండుసార్లు వడకడితే గుడ్డులో తెల్లసొనలాంటి జిగురు వస్తుంది. చవక, చల్లన, నలుసు ఉండదు. మూడు వారాలకోసారైనా దీంతో గడిచిపోతుంది. కొబ్బరినూనె కూడా మానలేదు, తలంటుకి ముందు రాస్తాను. వెంట్రుకలోంచి ప్రోటీన్ పోకుండా ఆపడంలో పొద్దుతిరుగుడు నూనె కన్నా కొబ్బరినూనె మెరుగని 2003లో మన దేశంలో చేసిన పరిశోధనలో తేలింది. మా అమ్మకి ఆ పరిశోధన అక్కర్లేకపోయింది.

వియ్యపురాలు పంపిన షియా వెన్న డబ్బా ఒకటుంది, వాళ్ళ భాషలో 'న్‌కూతో'. ఘానా ఉత్తరాన పెరిగే చెట్టు గింజల్నుంచి అక్కడి ఆడవాళ్ళు తీస్తారట. ఒంటి వేడికే కరిగిపోయే సరుకది. మన రోహిణి కార్తెలో డబ్బాడూ నూనె అయిపోయి, చల్లబడ్డాక గేదె నెయ్యిలా పూస కట్టింది. చెడిపోయిందని పారేయబోయాను. చెడలేదు, అరచేతిలో నలిపితే పూస కరుగుతుంది. కొసలకి బఠాణీ గింజంత చాలు. ఎండాకాలం మాడుకి రాస్తే చెమటా అదీ కలిసి పిల్ల గోక్కుంటుంది.

పడుకునేటప్పుడు నూలు దిండు గలీబు తడిని పీల్చేసి జుట్టుని రాపిడి పెడుతుందని, కాళేశ్వరరావు మార్కెట్ దాటి బట్టల కొట్లుండే వస్త్రలత దాకా పోయి ఒకటిన్నర మీటరు శాటిన్ తెచ్చాను. మా టైలరు దాంతో ఒక టోపీ, రెండు గలీబులు కుట్టాడు. టోపీ ఫెయిల్. ఎలాస్టిక్ నుదుటి మీద అచ్చు పడేసింది, తీసి నాడా వేయిస్తే మే నెల్లో కరెంటు పోయిన రాత్రి విసిరికొట్టింది. గలీబు పాస్, నూటికి నూరు.

జూన్‌లో ఎల్‌కేజీ మొదలైంది. మొదటి వారమే డైరీలో "రెండు జడలు, రిబ్బన్లతో పంపగలరు" అని రాశారు. నేనే వెళ్ళాను. బిగించి వేస్తే నుదుటి దగ్గర కుదుళ్ళు ఊడిపోతాయి టీచరుగారూ, తలని ఆరు పాయలు చేసి వదులుగా జడలు వేసి, రిబ్బను కూడా కడతాను, అయిదు రోజులు విప్పను అని చెప్పాను. ఆవిడా చిన్నపిల్లే, ఒక జడ పట్టుకుని లాగి చూసి, "అరె, ఎంత పొడుగుందండీ" అంది. ఒప్పుకుంది.

దువ్వెనకి అయిదుకి నాలుగు. బండి సాయంత్రం ఆరు దాటాక వస్తుంది. 80 చెబుతాడు, 60 దగ్గర నిలబడండి. ఆకుపచ్చ రంగుది మాత్రం తీసుకోకండి, దాని పళ్ళకి అతుకు మరీ లావు, గరుకు కాగితం అరిగిపోతుంది గానీ అది పోదు. పోయేటప్పుడు ఏదైనా పట్టుగుడ్డ ముక్క సంచిలో వేసుకు వెళ్ళండి. రాసి చూస్తుంటే బండతను ఏమీ అనడు, నాకిప్పుడు మూడోది కూడా అలాగే ఏరి ఇచ్చాడు.