విజయనగరం నుంచి ఓర్లాండో దాకా: థీమ్ పార్కు యాత్రలో టిప్పు ఎక్కడ, ఎంత, ఎవరికి

విజయనగరం కోట దగ్గరో, శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలిలోనో భోజనం చేసి లేస్తే బిల్లుతో పాటు సోంపు ప్లేటు వస్తుంది. అందులో పదో ఇరవయ్యో పెట్టి వచ్చేస్తాం. శాతాలు ఎవరూ లెక్క కట్టరు. అదే కుటుంబం అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి, పిల్లలతో కలిసి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్తే, ఒక్క పూట భోజనానికి టిప్పే రెండున్నర వేల రూపాయల దాకా పోతుంది. పెద్దాయనకు గుండె గుభేలుమంటుంది, కొడుక్కి మొహమాటం. ఈ గొడవ బల్ల దగ్గర రాకూడదంటే బయల్దేరే ముందే లెక్క తెలిసి ఉండాలి.

టిప్పు ఎంతన్నది ఆ ఊళ్లో వడ్డించేవాళ్ల జీతం ఎలా ఏర్పాటైందో దాన్ని బట్టి ఉంటుంది. ఓర్లాండో ఉన్న ఫ్లోరిడా రాష్ట్రంలో కనీస వేతనం 2025 సెప్టెంబర్ 30 నుంచి గంటకు 14 డాలర్లు. టిప్పులు వచ్చే ఉద్యోగాలకు మాత్రం యజమాని 3.02 డాలర్లు తగ్గించి 10.98 ఇస్తే చాలు, మిగతాది టిప్పుల్లోంచి రావాలని చట్టమే చెబుతుంది. చాలాచోట్ల ఆ వచ్చిన టిప్పులోంచి బల్లలు తుడిచేవాళ్లకు, బార్‌లో పనిచేసేవాళ్లకు కూడా సర్వర్ వాటా ఇవ్వాలి. కాబట్టి అక్కడ బల్ల దగ్గర కూర్చుని వడ్డన చేయించుకున్నామంటే టిప్పు కూడా భోజనం ధరలో భాగమే. మెనూలో 30 డాలర్లు అని ఉంటే పన్నుతో, టిప్పుతో కలిపి 38 అనుకుని ఆర్డర్ చేయాలి. అది భారమనిపిస్తే కౌంటర్ హోటల్‌కి వెళ్లాలి గానీ, బల్ల దగ్గర తిని టిప్పు ఎగ్గొట్టడం న్యాయం కాదు. మన జిల్లాల కుర్రాళ్లు హైదరాబాద్‌లో, చెన్నైలో ఎన్ని హోటళ్లలో ప్లేట్లు మోస్తున్నారో మనకు తెలుసు. వడ్డించే చేతి కష్టం ఎక్కడైనా ఒకటే.

డిస్నీ పార్కుల్లో తినే చోట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి క్విక్ సర్వీస్. కౌంటర్‌లో గానీ ఫోన్ యాప్‌లో గానీ ఆర్డర్ ఇచ్చి, మన ట్రే మనమే తెచ్చుకుంటాం. ఇక్కడ టిప్పు ఇవ్వనక్కర్లేదు, ఎవరూ ఆశించరు. ఐస్ నీళ్లు కూడా ఈ కౌంటర్లలో ఉచితంగా ఇస్తారు. గొంతు పట్టేసే పెద్దవాళ్లకు ఐస్ లేకుండా ఇమ్మని అడగండి. లేకపోతే గ్లాసు నిండా ఐసే ఉంటుంది. రెండోది టేబుల్ సర్వీస్. ఇక్కడ పన్ను వేయకముందు ఉన్న మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇవ్వడం రివాజు. మిక్కీ, మిన్నీ వేషాలవాళ్లు బల్ల దగ్గరికి వచ్చే బఫేల్లోనూ ఇదే లెక్క. మన పళ్లెం మనమే నింపుకున్నా ఖాళీ పళ్లేలు తీసి, డ్రింకులు తెచ్చేది సర్వరే. ఆ వేషాలవాళ్లకు మాత్రం డబ్బులివ్వకూడదు. రైడ్ల దగ్గర ఉండేవాళ్లకు, ఫొటోలు తీసేవాళ్లకు కూడా ఇవ్వకూడదు. వాళ్లు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు, ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

లెక్క నోటితో వేయడం సులువు. నలుగురు తిన్నారు, పన్ను లేకుండా బిల్లు 160 డాలర్లు. చుక్కను ఒక స్థానం వెనక్కి జరిపితే 16. దాన్ని రెట్టింపు చేస్తే 32, ఇది 20 శాతం. 18 శాతం కావాలంటే అందులో పదో వంతు తగ్గించండి, 28.80 వస్తుంది. పార్కులున్న ఆరెంజ్ కౌంటీలో అమ్మకపు పన్ను 6.5 శాతం, అంటే 10.40. మొత్తం 199.20 డాలర్లు. చాలామంది పన్నుతో కలిసిన 170.40 మీద శాతం కడతారు. తప్పేం లేదు గానీ అవసరం లేదు. కొన్నిచోట్ల చేతిమెషీన్ మీద కనిపించే 18, 20, 22 బటన్లు కూడా పన్ను కలిపిన మొత్తం మీదే లెక్క వేస్తాయి. సందేహముంటే సొంతంగా అంకె కొట్టే బటన్ నొక్కండి. డిస్కౌంట్ కార్డు వాడితే మాత్రం తగ్గింపుకు ముందున్న ధర మీద టిప్పు లెక్క వేయాలి. ధర తగ్గినా సర్వర్ చేసిన పని తగ్గలేదు కదా.

మన కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఆరుగురి దగ్గర. అమ్మానాన్నలు ఇద్దరు, కొడుకూ కోడలూ, పిల్లలిద్దరు, సరిగ్గా ఆరుగురు. డిస్నీ వరల్డ్ టేబుల్ సర్వీస్ హోటళ్లలో ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కూర్చుంటే 18 శాతం టిప్పు బిల్లులోనే కలిపేస్తారు. బిల్లు చేతికి రాగానే ‘గ్రాట్యుటీ’ అన్న మాట ఉందేమో వేలు పెట్టి వెతకండి, బిల్లులో టిప్పుకు అదే పేరు. 200 డాలర్ల భోజనమైతే పన్ను 13, గ్రాట్యుటీ 36, మొత్తం 249 అని ఉంటుంది. తిరకాసు ఏమిటంటే, సంతకం పెట్టే చీటీ మీద టిప్పు గడి అప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అలవాటుగా అందులో మరో 40 రాసేస్తే మూడు వేల రూపాయల పైచిలుకు ఊరకే పోయినట్టే. ఆ గడిలో అడ్డగీత గీసి, కింద మొత్తం 249 అని రాయండి. వడ్డన నిజంగా మనసుకు నచ్చితే రెండో మూడో డాలర్లు పైన వేయండి, చాలు.

చీటీ సంగతి కూడా చెప్పుకోవాలి, మన దగ్గర ఈ పద్ధతి లేదు. సర్వర్ కార్డు గీకి రెండు కాగితాలు తెస్తాడు, ఒకటి హోటల్‌ది, ఒకటి మనది. హోటల్ కాగితం మీద టిప్పు, మొత్తం రెండూ పెన్నుతో రాసి, సంతకం పెట్టి ఫోల్డర్‌లో వదిలేయాలి. మన కాగితం మనం తెచ్చుకోవాలి. కంగారులో మన కాగితం మీద రాసి, హోటల్‌ది జేబులో వేసుకుంటే సర్వర్‌కి ఒక్క పైసా రాదు. బ్యాంకు నుంచి మొదట వచ్చే మెసేజ్‌లో టిప్పు లేని మొత్తం ఉంటుంది. రెండు మూడు రోజులకు టిప్పుతో కలిపిన మొత్తం స్టేట్‌మెంట్లో పడుతుంది. అది చూసి మోసమనుకోకండి, మనం రాసిన అంకెతో సరిపోయిందో లేదో చూసుకోండి. అందుకే మన కాగితం ఇంటికి వచ్చేదాకా పారేయకూడదు. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో బొటాబొటీగా డబ్బు ఉంచితే ఈ రెండో మొత్తం దగ్గర ఇబ్బంది వస్తుంది. ఇక్కడి క్రెడిట్ కార్డు అయితే చాలావాటి మీద రెండు నుంచి మూడున్నర శాతం దాకా విదేశీ మారకం రుసుము, దాని మీద జీఎస్టీ. ఆ రుసుము టిప్పు మీదా పడుతుంది. ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి. అమెరికా వెళ్లాక ఓటీపీకి ఇక్కడి సిమ్ పనిచేయకపోతే ఆ పని అవ్వదు.

వంట ఆలస్యమైందని సర్వర్ టిప్పు కోసేయడం సరికాదు, అది కిచెన్ తప్పు. సర్వరే పట్టించుకోకపోతే 15 శాతానికి దిగండి. ఏమీ ఇవ్వకుండా లేచి వచ్చేంత కోపం వస్తే ముందు మేనేజర్‌ని పిలిచి చెప్పండి. చెప్పకుండా సున్నా రాస్తే, మర్చిపోయారనుకుంటారు తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాదు.

శాకాహారులైన పెద్దవాళ్లను బఫేకి తీసుకెళ్లే ముందు ఆలోచించుకోండి. తలకు ఇంతని ధర. తిన్నది రెండు రొట్టెముక్కలూ పండ్లూ అయినా పూర్తి ధర, దాని మీద పూర్తి టిప్పు. దానికంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ బసలో ఉన్న సనా రెస్టారెంట్ మేలు. నాన్, రకరకాల చట్నీలతో వచ్చే బ్రెడ్ సర్వీస్ మన నోటికి పడుతుంది, కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటే పిల్లలకు పండగ. అదీ టేబుల్ సర్వీసే, టిప్పు ఉంటుంది. హూప్-డీ-డూ రెవ్యూ అనే డిన్నర్ షో టికెట్ ధరలో పన్ను, టిప్పు కలిసే ఉంటాయి, మళ్లీ ఇవ్వనక్కర్లేదు. భోజనాలకు ముందే డబ్బు కట్టే డైనింగ్ ప్లాన్ కొనుక్కుంటే అన్నీ కట్టేశామనుకుంటారు గానీ టిప్పు అందులో కలవదు. ఇది తెలియక చివరి రోజున గది లెక్కలో పడిన మొత్తం చూసి ఉలిక్కిపడేవాళ్లు ఎందరో.

బసను బట్టి కూడా ఈ ఖర్చు మారుతుంది. డిస్నీ హోటల్లో దిగితే సామాను మోసినవాళ్లకు సంచీకి ఒకటి రెండు డాలర్లు, గది శుభ్రం చేసేవాళ్లకు రోజుకు రెండు నుంచి ఐదు డాలర్లు ఇవ్వడం వాడుక. గది డబ్బు చివరి రోజున ఒకేసారి పెట్టకండి. రోజుకొకరు రావచ్చు, చివరి రోజు వచ్చినవారికే అంతా పోతుంది. ఏ రోజుకారోజు దిండు మీద చిన్న చీటీతో పెడితే వాళ్లకే అని తెలుస్తుంది. చీటీ లేని డబ్బు ముట్టుకోవడానికి చాలామంది భయపడతారు. దీనికి ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ముందే మార్చుకుని ఉంచుకోవాలి. పార్కుల పక్క ఊరు కిస్సిమ్మీలో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే శుభ్రం చేసే రుసుము అద్దెలోనే ఉంటుంది. ఆ ఊరున్న ఆసియోలా కౌంటీలో బయట భోజనం చేస్తే బిల్లు మీద పన్ను 7.5 శాతం, కాస్త ఎక్కువ. ఆరుగురున్న మన కుటుంబాలకు ఇల్లే నయం. పొద్దున్నే పులిహోరో, చపాతీలో చేసుకుని పార్కుకు తీసుకెళ్లొచ్చు. డిస్నీ వరల్డ్ బయటి తిండిని రానిస్తుంది. గాజు సీసాలు, మద్యం, వేడి చేయాల్సినవి, ఘాటైన వాసన వచ్చేవి మాత్రం కుదరవు. ఆవకాయ సీసా ఇంట్లోనే ఉంచేయండి. రెండు పూటలు సొంత తిండి, ఒక పూట క్విక్ సర్వీస్, యాత్ర మొత్తంలో ఒకటి రెండుసార్లు టేబుల్ సర్వీస్. ఇలా పెట్టుకుంటే టిప్పు లెక్క అదుపులో ఉంటుంది, ఇచ్చినచోట మనస్ఫూర్తిగా ఇవ్వొచ్చు.

కాలిఫోర్నియా అనాహైమ్‌లోని డిస్నీలాండ్‌కి వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి. ఆ రాష్ట్రంలో టిప్పు వస్తుందని జీతం తగ్గించడానికి చట్టం ఒప్పుకోదు. అయినా 18 నుంచి 20 శాతం ఆనవాయితీ అక్కడా ఉంది.

విశాఖ నుంచి నేరుగా విమానం ఉండటంతో సింగపూర్ వెళ్లే కుటుంబాలూ ఎక్కువే. యూనివర్సల్ స్టూడియోస్ ఉన్న సెంటోసాలో గానీ, ఊళ్లో గానీ టిప్పు ఆచారం లేదు. కూర్చుని తినే హోటళ్లలో 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ వేస్తారు. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే ఇదే అర్థం. 100 డాలర్లు 119.90 అవుతుంది. అంతకు మించి పైసా ఇవ్వనక్కర్లేదు. ఫుడ్ కోర్టుల్లో సాధారణంగా సర్వీస్ ఛార్జి ఉండదు. తిన్న ట్రే మాత్రం మనమే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి. హాకర్ సెంటర్లలో (చవక తిండి అంగళ్లుండే చోట్లలో), ఫుడ్ కోర్టుల్లో ట్రే బల్ల మీదే వదిలేస్తే జరిమానా పడొచ్చు. టోక్యో డిస్నీకి వెళ్తే అసలు ఇవ్వకండి. బల్ల మీద వదిలిన డబ్బు మర్చిపోయారని వెంటపడి తెచ్చి ఇస్తారు.

ఇక రాత్రి రైలెక్కి హైదరాబాద్ దిగి రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా చూసొచ్చే యాత్ర. మన జిల్లాల నుంచి ఎక్కువమంది చేసేది ఇదే. ఇక్కడ చూడాల్సింది సర్వీస్ ఛార్జి. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు బిల్లులో సర్వీస్ ఛార్జిని తమంతట తాము కలపకూడదు, వేరే పేరుతో వసూలు చేయకూడదు. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా ఊరి పెద్ద రెస్టారెంట్లలో అప్పుడప్పుడూ కనబడుతుంది. 2,000 రూపాయల భోజనానికి 10 శాతం కలిపితే 2,200, దాని మీద 5 శాతం జీఎస్టీ 110, మొత్తం 2,310. ఛార్జి తీసేస్తే 2,100. డబ్బు కట్టకముందే చెప్పి, కొత్త బిల్లు కొట్టించుకోండి. పెన్నుతో కొట్టేసిన బిల్లయితే జీఎస్టీ పాత మొత్తం మీదే ఉండిపోతుంది. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. ఇదంతా మాట్లాడాల్సింది కౌంటర్‌లోనే, వడ్డించిన కుర్రాడితో వాదన వద్దు. అతను ఆ ఛార్జి వేయలేదు, అది అతని చేతికి వస్తుందన్న భరోసా కూడా లేదు.

తీయించుకున్న 210లో వంద, నూట యాభై ఆ కుర్రాడి చేతిలో పెడితే అందరికీ బాగుంటుంది. బల్ల మీదున్న క్యూఆర్‌కి ఫోన్‌పే చేస్తే అది యజమాని ఖాతాలోకి పోతుంది. టిప్పు ఇవ్వాలంటే నోటే ఇవ్వండి, లేదా అతని సొంత నంబర్ అడిగి పంపండి. పార్కు లోపల టోకెన్ తీసుకుని తినే కౌంటర్లలో టిప్పు అక్కర్లేదు, బల్లలు తుడిచే అమ్మకు ఇరవయ్యో యాభయ్యో ఇవ్వడం మన ఇష్టం. ఊరి నుంచి మాట్లాడుకున్న వ్యాన్ డ్రైవర్‌కి భత్యం ప్యాకేజీలో కలిసిందో లేదో బయల్దేరే ముందే తేల్చుకోండి. కలవకపోతే అతని భోజనం ఖర్చు రోజుకింతని ముందే ఒప్పుకుని, టిప్పును అందులో కలపకుండా ఇంటి దగ్గర దిగాక విడిగా ఇవ్వండి.