మోకాలి లోతు నీళ్ళకు వంద రూపాయలు

2017 సంక్రాంతి సెలవులకు కొచ్చి వెళ్ళాం. నేను, మా ఆవిడ, మావయ్యగారు. ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో చిత్రకారుడంటే రాజమండ్రి దామెర్ల రామారావే, మిగతావాళ్ళంతా ఆ తర్వాతే. అలాంటి మనిషిని, అక్కడ రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన బినాలేకి లాక్కెళ్ళడం మా ఆవిడ సాహసం.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో విశేషాలేమీ లేవు. ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి ఆటో అతను 300 అడిగాడు. పడవ టికెట్టు అప్పుడు 4 రూపాయలే. పడవే ఎక్కండి.

అసలు కడుపుమంట బస గురించి. ఫోన్లో రోజుకు 1,400 అని చెప్పిన హోమ్‌స్టే ఆయన, మేం సామాన్లు దించాక "బినాలే సీజన్ సార్" అంటూ 2,200 చేశాడు. కార్డు తీసుకోడు, నగదే కావాలి. నోట్ల రద్దయి రెండు నెలలు, ఏటీఎంలో రోజుకు 4,500 మించి రావడం లేదు. రెండు రాత్రులకు మూడు రెండువేల నోట్లిస్తే, మిగిలిన 1,600 "రేపిస్తా" అన్నాడు. పైగా బాత్రూమ్ తూము పూడుకుపోయింది. స్నానం చేస్తుంటే చీలమండల దాకా నీళ్ళు, వాటి మీద నిన్నటి సబ్బు నురగ. మావయ్యగారు తువ్వాలు భుజానేసుకుని బయటికొచ్చి, "బాబూ, ఇది కూడా ప్రదర్శనలో భాగమేనా?" అన్నారు.

ఆ మూడ్‌లోనే బినాలే జరుగుతున్న ఆస్పిన్‌వాల్ హౌస్‌కు వెళ్ళాం. ఒకప్పుడు సుగంధ ద్రవ్యాల వ్యాపారం చేసిన కంపెనీ గోడౌన్లు, ఎదురుగా సముద్రం. టికెట్టు అప్పుడు 100. ఆవరణలో స్లొవేనియా కవి అలెష్ ష్టేగర్ పెట్టిన పేడ పూసిన పిరమిడ్ ఉండింది. లోపల చీకట్లో, దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చిన కవుల గొంతులు వినిపించాయి. "పిడకల గూడు మా ఊళ్ళోనూ ఉంది" అని మావయ్యగారు రెండు నిమిషాల్లో బయటపడ్డారు.

తర్వాత ఒక పెద్ద గోడౌన్. నేలంతా మోకాలి లోతు సముద్రపు నీళ్ళు. చిలీ కవి రావుల్ సురీతా పని అది. 1973 సైనిక తిరుగుబాటులో ఆయన్ని ఓడలో బంధించారట. చెప్పులు విప్పి నడవాల్సి వచ్చింది. "బొమ్మ ఏదీ? చేతిపని ఏదీ? నీళ్ళు నింపడానికి మునిసిపాలిటీ చాలదూ?" అని గుమ్మంలోనే నిలబడిపోయారు మావయ్యగారు. మా ఆవిడ మాట్లాడకుండా నీళ్ళలోకి దిగిపోయింది. కాసేపటికి ఆయనా పంచె ఎగ్గట్టారు.

నీళ్ళలో త్వరగా నడవలేం. అడుగు వేస్తే ఆ చప్పుడు గోడలకు తగిలి మనకే వినిపిస్తుంది. గోడల మీద అక్కడక్కడా ఒక్కో వాక్యం: వినిపించడం లేదా, కనిపించడం లేదా అని. చివరి గోడ మీద కవిత. 2015లో శరణార్థుల పడవ మునిగి, టర్కీ ఒడ్డున బోర్లా పడి ఉన్న సిరియా పసివాడు అలాన్ కుర్దీ ఫొటో అందరం చూశాం. అదే పడవ ప్రమాదంలో అతని అన్న గాలిప్ కూడా పోయాడు, ఆ పిల్లాడికి అలాంటి ఫొటో లేదు. కవిత వాడి గురించి. మా ఆవిడ తెలుగులో చెప్పింది. మావయ్యగారు పంచె కుచ్చిళ్ళు పట్టుకుని వింటూ, పట్టు వదిలేశారు. అంచు నీళ్ళలో తేలింది.

బయటికొచ్చాక, "ఇది బొమ్మ కాదు" అని మాత్రం గట్టిగా అన్నారు. మేం వాదించలేదు. భోజనంలో ఎర్ర మట్ట బియ్యం అన్నం నాకు నచ్చింది, ఆయనకు అరగలేదు.

కొచ్చి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. బస రేటు మాత్రం మెసేజ్‌లో రాయించుకోండి.

గది ఖాళీ చేసేటప్పుడు హోమ్‌స్టే ఆయన 1,500 ఇచ్చి, మిగతా వంద "సర్వీసుకు" అన్నాడు. పోనీలెమ్మని నేను బ్యాగు ఎత్తాను. మావయ్యగారు కదల్లేదు. పావుగంట తెలుగులోనే పోట్లాడారు. "నాన్నా, వందే కదా" అంది మా ఆవిడ.

"వందంటే ఒక టికెట్టు" అన్నారాయన.