పెద్దదీ చిన్నదీ: రెండు పాత యమహా గిటార్లు ఏళ్ళ తరబడి వాడాక

నా దగ్గర ఇప్పుడు రెండు పాత గిటార్లున్నాయి. రెండూ యమహావే. సౌండ్ హోల్‌లోకి తొంగి చూస్తే రెండింటికీ ఎర్ర లేబుల్, దానిమీద నిప్పన్ గక్కి అని కంపెనీ పాత పేరు కనిపిస్తాయి. ఒకటి ఎఫ్‌జీ-180, పెద్ద బాడీ. రెండోది ఎఫ్‌జీ-150, చిన్న బాడీ. ఈ రెండు మోడళ్ళూ 1966లో ఒకేసారి మార్కెట్లోకి వచ్చాయి. పెద్దదాన్ని ముప్పై నిండకముందే కొన్నాను, చిన్నది యాభై దాటాక ఇంటికొచ్చింది. ఈమధ్య చెయ్యి ఎప్పుడూ చిన్నదాని మీదికే పోతోంది. అది ఎందుకో, పెద్దది నిజంగా పనికిరాకుండా పోయిందో లేదో చెబుదామని ఇది రాస్తున్నాను. పాత గిటారు కొనాలని చూస్తున్నవాళ్ళకి, అందులోనూ నలభై దాటినవాళ్ళకి ఉపయోగపడొచ్చు.

పెద్దది బిట్రగుంటలో దొరికింది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్ ఉండేది, రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. రిటైరైన అంకుల్ ఒకాయన మద్రాసులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తున్నారని తెలిసి, నెల్లూరు నుంచి ప్యాసింజర్ ఎక్కి వెళ్ళాను. అప్పట్లో మాలాంటివాళ్ళకి గిటారంటే కలకత్తా సరుకే, గివ్‌సన్, హోబ్నర్ లాంటి పేర్లు. నా మొదటిది కూడా అటునుంచి వచ్చిందే, ఏ కంపెనీదో ఇప్పుడెందుకులే. మెడ మీద పన్నెండో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర తీగకీ చెక్కకీ మధ్య చిటికెన వేలు దూరేది. దానిమీద ఎఫ్ కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుంపు) నొక్కి నొక్కి అలవాటైన చేతికి ఆ జపాన్ గిటారు వెన్నలా తగిలింది. బేరం కూడా ఆడలేదు.

ఆ వయసులో నాకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. చర్చిలో క్వయర్‌తో, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో వాయించేవాణ్ణి. ఉన్న రెండు మైకులూ పాడేవాళ్ళకే పోయేవి. తబలా, కాంగో, కీబోర్డ్ మధ్యలో గిటారు వినపడాలంటే చెయ్యి గట్టిగా కొట్టాలి, పెట్టె పెద్దదిగా ఉండాలి. ఎఫ్‌జీ-180 డ్రెడ్‌నాట్ ఆకారం. ఈ ఆకారాన్ని అమెరికాలోని మార్టిన్ గిటార్ల కంపెనీ తన పేరుతో 1931లో తెచ్చింది. మార్టిన్ కొలతల్లో డ్రెడ్‌నాట్ కింది వెడల్పు 15⅝ అంగుళాలు, లోతు 4⅞ అంగుళాలు. అంతకంటే చిన్నదైన ట్రిపుల్ ఓ సైజు వెడల్పు 15 అంగుళాలు, లోతు నాలుగు చిల్లర. వెడల్పులో తేడా పెద్దగా లేదు కదా అనిపిస్తుంది. ఆ ముప్పావు అంగుళం లోతే బేస్‌ని అంత బలంగా బయటికి తోస్తుంది, కుడి భుజాన్ని పైకి లేపి ఉంచేదీ అదే. ముప్పై ఏళ్ళకి మొదటిదే తెలుస్తుంది.

నెల్లూరులో పాట గురించి మాట్లాడుకుంటే బాలు గారి పేరు రాకుండా ఉండదు. ఆయన తొలి రోజుల ట్రూపులో ఇళయరాజా, గంగై అమరన్, భాస్కర్ ఉండేవాళ్ళు. ఇళయరాజా గారు క్లాసికల్ గిటారులో లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలు పాసైన మనిషి. ఎనభైల్లో ఆయన చేసిన పాటల్లో గిటారు వెనకాల ఊరికే దంచదు, ఒక్కో తీగా విడిగా మాట్లాడుతుంది. ఆర్కెస్ట్రాలో ఆ పాటలన్నీ నేను తీగలన్నీ కలిపి కొట్టే స్ట్రమ్మింగ్‌తో లాగించేశాను, ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో కూర్చుని, తీగల్ని విడివిడిగా మీటే ప్లకింగ్‌తో వాయించాలన్న కోరిక మాత్రం నలభై దాటాకే పుట్టింది. రుచి మారడం అంటే నా మటుకు మొదలైంది అక్కడే.

మిగతాది ఒళ్ళు మార్చింది. ముందు కుడి భుజం పట్టేసింది. పెద్ద బాడీ మీదుగా చెయ్యి వేసి అరగంట కూర్చుంటే, ఆ తర్వాత చొక్కా తొడుక్కోవడం కష్టమయ్యేది. తర్వాత ఎడమచేతి ఉంగరపు వేలు పొద్దున్నే ముడుచుకుని ఉండిపోయి, తెరిస్తే టక్కుమనేది. డాక్టరు గారు ట్రిగ్గర్ ఫింగర్ అన్నారు. బొటనవేలి మొదట్లో నొప్పి వేరే. ఒకే వేలితో తీగలన్నీ అదిమిపట్టే బార్ కార్డులు పట్టాలంటే టెన్షన్. పాత గిటార్ల మీద ప్రాణం పెట్టుకున్న నా ఈడు వాళ్ళని అడిగితే అందరిదీ ఇదే కథ, నొప్పి ఎక్కడన్నదే తేడా. కావలిలో ఒక అన్న అయితే ఇనుప తీగలే మానేసి నైలాన్ గిటారు కొనుక్కున్నాడు. వేళ్ళకి సుఖంగా ఉందట గానీ, 52 మిల్లీమీటర్ల వెడల్పు నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) మీద బొటనవేలు ఇంకా సాగాల్సి వస్తోందని ఇప్పుడు గొణుగుతున్నాడు.

చెవుల సంగతి నేను ఊహించలేదు. వయసుతో పాటు ముందుగా పై శ్రుతుల వినికిడి తగ్గుతుంది, అందరికీ అంతే. దాంతో డ్రెడ్‌నాట్ బేస్ అంతా నాకు ముద్దగా వినపడడం మొదలైంది. కార్డ్ కొడితే శబ్దం ఉంది, అందులో ఏ తీగ ఏదో తెలియడం లేదు. చిన్న బాడీలో బేస్ తక్కువ, మధ్య శ్రుతులు ముందుకొస్తాయి. నా చెవికి ఇంకా బాగా వినపడే భాగం కూడా అదే. పెద్దవాళ్ళు చిన్న గిటార్లవైపు మళ్ళడాన్ని అభిరుచి పండడం అని గొప్పగా చెబుతుంటారు గానీ, నన్నడిగితే అందులో సగం చెవి డాక్టరు చెప్పాల్సిన విషయం.

ఎఫ్‌జీ-150 చెన్నైలో సెకండ్ హ్యాండ్ సరుకు అమ్మే ఒకతని దగ్గర దొరికింది. 1969లో అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గాయకుడు కంట్రీ జో మెక్‌డొనాల్డ్ ఒంటరిగా స్టేజి ఎక్కి వాయించింది ఈ మోడలే అని చెప్పి రేటు పెంచాడు. ఆ మాట నిజమే. అన్నీ ఒరిజినల్ పార్టులే అన్నది మాత్రం కాదు. సాడిల్ అంటే, పైచెక్క మీద తీగలు బిగించే బ్రిడ్జి గాడిలో నిలబడి తీగల్ని ఎత్తిపట్టే సన్నటి పట్టీ. అది తీసి చూస్తే కొత్త ప్లాస్టిక్ ముక్క, అదీ కొలత తప్పింది, గాడిలో అటూ ఇటూ ఊగుతోంది. ఊళ్ళో హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఎముక ముక్క ఒకటి తీసుకుని, గాజు పలక మీద సాండ్‌పేపర్ పరిచి, నాలుగుసార్లు రుద్దడం, గాడిలో పెట్టడం, వెలుతురుకి ఎత్తి చూడడం, మళ్ళీ రుద్దడం. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఒక మిల్లీమీటరు దిగాలంటే సాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. అందుకే ఆయన తొందరపడలేదు. "ఏంది సామీ, తీసింది మళ్ళీ అతికిస్తానా?" అన్నాడు నా కంగారు చూసి. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఆపాడు. తీగలు ఎక్కించి మొదటి కార్డ్ కొట్టగానే తేడా తెలిసింది. గిటారు మారలేదు, ప్లాస్టిక్ పోయి ఎముక వచ్చింది, అది గాడిలో బిగుతుగా కూర్చుంది, అంతే.

పాత చెక్క మహిమ గురించి ఇక్కడే ఒక మాట. ఒంటి స్ప్రూస్ చెక్క పలకతో చేసిన గిటారు ఏళ్ళ తరబడి ఆరి, వాయించగా వాయించగా గొంతు విప్పుకుంటుందని అంటారు. కావచ్చు. కానీ నా రెండు యమహాల పైచెక్క ఒంటి పలక కాదు, పొరలు అతికించిన ప్లై. అలాంటివి వయసుతో అంతగా మారవు. మా చర్చి క్రిస్మస్ ప్రోగ్రాం పాత క్యాసెట్ ఒకటుంది. అందులో ఎఫ్‌జీ-180ని, నిన్నమొన్న ఫోన్లో రికార్డ్ చేసినదాన్ని పక్కపక్కన విన్నాను. క్యాసెట్ గరగర తీసేస్తే గిటారు గొంతు దాదాపు అదే. మారినది కొట్టే చెయ్యి. అప్పుడు ప్రతి స్ట్రోకూ గోడ కూలగొట్టేలా ఉంది, ఇప్పుడు గాలికి చోటు మిగులుతోంది.

పైదేశాల్లో ఈ పాత గిటార్ల పిచ్చికి లెక్కలు వేరే. 1944 చివర్లో మార్టిన్ లోపలి బ్రేసులు (పైచెక్కకి ఆసరాగా అతికించే కర్రలు) చెక్కి పల్చగా చేయడం మానేసింది కాబట్టి అంతకు ముందువి కావాలంటారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరక్క 1969లో ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది కాబట్టి ఆ ముందువి కావాలంటారు. ఆ ఇండియన్ రోజ్‌వుడ్ మన ఇరుగుడు చెక్కే, మన వైపు పాత ఇళ్ళలో మంచాలకీ బీరువాలకీ వాడిందే. 2017 నుంచి దాని ఎగుమతికి అంతర్జాతీయ నిబంధనలు బిగించారు, తయారైన వాయిద్యాలకు 2019లో సడలించారు. 1992లో టీవీ కచేరీలో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1939 నాటి ట్రిపుల్ ఓ-42 పట్టుకుని కూర్చున్నాడు. చిన్న బాడీల గిరాకీ పెరగడానికి ఆ ఒక్క రాత్రి చాలా చేసింది. 2004లో అదే గిటారు వేలంలో 7,91,500 డాలర్లు పలికింది. ఆ కచేరీ నాటికి ఆయనకి 46 ఏళ్ళు. కుర్రతనంలో చెవులు హోరెత్తేలా ఎలక్ట్రిక్ వాయించిన మనిషి చిన్న గిటారుతో కుర్చీలో కూర్చున్న వయసు అది. నేనూ దాదాపు ఆ వయసులోనే చిన్నదాని కోసం వెతకడం మొదలుపెట్టాను, జేబు తేడా వదిలేస్తే.

మన వాతావరణానికి ప్లై పైచెక్క ఒక రకంగా వరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్రిడ్జి పైకి లేస్తుంది, తీగల ఎత్తు పెరుగుతుంది. మే నెలలో వడగాలి, గదిలో ఏసీ, రెండూ కలిసి చెక్కని ఎండగడతాయి. ఒంటి పలక గిటారున్న స్నేహితుడికి వేసవిలో పైచెక్క మీద సన్నటి పగులు వచ్చింది. నావాటికి ఫ్రెట్ల చివర్లు కొంచెం వేలికి గుచ్చుకున్నాయంతే. మైపాడు బీచ్‌కి తీసుకెళ్ళి సాయంత్రమంతా వాయించుకుంటే మాత్రం తీగలు వారంలోపే తుప్పు వాసన కొడతాయి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచినా సరే. ఎండలో నిలబెట్టిన కారులో ఏ గిటారూ వదలొద్దు. వేడికి జిగురు మెత్తబడితే బ్రిడ్జి ఊడొస్తుంది.

ఇక తీగలు. ఈ సమీక్షలో అన్నిటికంటే చవకైన సలహా ఇదే. 12-53 సెట్ (సన్న తీగ, లావు తీగల మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే మెడ మీద పడే లాగుడు మొత్తం 70 కిలోల పైమాట. 10-47కి మారితే పది కిలోలకు పైగా తగ్గుతుంది. గిబ్సన్ జే-45 లాంటి 24¾ అంగుళాల స్కేలున్న (నట్ నుంచి సాడిల్ దాకా తీగ పొడవు) గిటారైతే, అవే తీగలతో 25.4 అంగుళాల స్కేలు కంటే ఐదు శాతం దాకా తక్కువ. ఎఫ్‌జీ-150కి నేను 11-52 వేస్తాను. 10 కూడా వేసి చూశాను. వేళ్ళకి హాయిగా ఉంది గానీ గొంతు మరీ పీలగా అయిపోయింది.

ఎఫ్‌జీ-180ని అమ్మేద్దామని కూడా ఒక దశలో అనుకున్నాను. దాన్ని నిలబెట్టింది నా గొంతు. చిన్నప్పుడు కేపో (శ్రుతి పెంచడానికి తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) మూడో ఫ్రెట్‌కి పెట్టి పాడిన పాటలు ఇప్పుడు అందడం లేదు. అందుకని పెద్దదాన్ని మొత్తం ఒక టోన్ దించేశాను, E శ్రుతి బదులు D. 12 సెట్ అలాగే ఉంచాను. ఒక టోన్ దించితే లాగుడు ఐదో వంతు తగ్గుతుంది, అంటే లావు తీగల నిండుతనం ఉంటుంది, నొక్కే కష్టం తగ్గుతుంది. ముద్దగా వినపడుతోందన్న బేస్ ఇప్పుడు కిందికి దిగిన గొంతుకి సరిగ్గా ఆసరా అయింది. ఒడిలో కాకుండా బెల్టు తగిలించి నిలబడి వాయిస్తే భుజం కూడా పేచీ పెట్టడం లేదు. ప్లకింగ్‌కి చిన్నది, పాడుకోవడానికి పెద్దది. ఈ ఏర్పాటు ముందే తట్టి ఉంటే చిన్నదాన్ని కొనేవాణ్ణా అంటే, కొనేవాణ్ణే.

పాతది కొనేటప్పుడు లేబుల్ కంటే ముందు సాడిల్ చూడండి. బ్రిడ్జి పైన అది కనీకనపడకుండా ఉండి, అయినా తీగలు ఎత్తుగా ఉన్నాయంటే మెడ కోణం పోయినట్టే. దశాబ్దాల లాగుడుకి ఏ కంపెనీ గిటారైనా అలా అవుతుంది. ఇంకా తీయడానికి సాడిల్ మిగిలి ఉండదు, మెడ విప్పి మళ్ళీ అతికించే పనికి గిటారు ధర కంటే ఎక్కువ అడుగుతారు. బ్రిడ్జి వెనక అంచు కిందికి కాగితం దూరుతోందేమో చూడండి. పైచెక్కని వేలి కణుపుతో అక్కడక్కడా తట్టండి. లోపల గలగలమంటే ఏదో బ్రేసు ఊడింది, అది మాత్రం తేలిగ్గా అతికే పనే.

ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు అడిగితే చిన్నది కొనమని చెప్పను. మా చర్చిలో ఒక అబ్బాయి నా ఎఫ్‌జీ-150 తీసుకుని రెండు పాటలు కొట్టి, "సౌండ్ రావట్లేదంకుల్" అని తిరిగిచ్చేశాడు. వాడి చేతికి, వాడు వాయించే చోటికి ఆ మాట నిజం. వాడికి డ్రెడ్‌నాట్ వెతుకుతున్నాం.